కొట్టంలో ఈసుకుపోయిన దూడ

“ముట్టుకోకమ్మా!”

పశువ్యాధుల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన డాక్టరమ్మ కేకకు కోడలు ఉలిక్కిపడింది. నెలలు నిండకుండానే ఆవు ఈసుకుపోగా చచ్చిపడిన దూడను ఆమె వట్టి చేతులతో ఎత్తబోతోంది.

“కిందటేడు కూడా ఇదే ఎత్తింది” అంది అత్త. “ఇది కాలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఏదీ నిలవట్లేదు డాక్టరమ్మా.”

“మీ ఆవు రక్తంలో దూడలు ఈసుకుపోయే రోగం దొరికింది పెద్దమ్మా. దాన్ని మందలోంచి తీసెయ్యాలి.”

అత్త గబుక్కున ఆవు మెడలోని పలుపు పట్టుకుంది. “నా చేతుల్లో పెరిగింది. చచ్చినా ఇవ్వను!”

“మిగతా ఆవులకూ అంటుతుంది. పచ్చిపాలు తాగినా, దూడతో పడిన ఈ మాయ ముట్టుకున్నా మనుషులకూ అంటుతుంది.” డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. “నీకు జ్వరం వచ్చిపోతూ ఉంటుందా తల్లీ?”

కోడలు తలూపింది. గొంతు తగ్గించి అడిగింది.

“దీనివల్ల కడుపు కూడా పోతుందా అండీ?”

“పోవచ్చు. నీకు పోయిందా?”

“రెండుసార్లు.”

కోడలు ఏడవలేదు. అత్త ముఖంలోకి సూటిగా చూసింది. పెళ్లయ్యాక అలా చూడటం అదే మొదటిసారి.

అత్తే తల దించుకుంది.

“మనుషులకు మందులున్నాయా?” అని అడిగింది.

“ఉన్నాయి. ముందు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాలి.”

అత్త పలుపు విప్పి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

“ఆవును మీరు తోలుకెళ్లండి. నేను దీన్ని...” ఆగింది. “నా కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి.”