తప్పులు: సున్నా

“నేను సంతకం పెట్టను,” అంది వదిన.

మరిది మొహం మాడిపోయింది. ఇంట్లో వదినే గానీ, ఆఫీసులో ఆమె అతనికి పై అధికారి. బల్ల మీద ఉన్నది మందులనూ రసాయనాలనూ కుటుంబాలుగా విడదీసిన తొమ్మిది వేల వరుసల జాబితా. రేపు పొద్దున్నుంచి ఆసుపత్రుల కంప్యూటర్లు దాన్నే నమ్ముకుంటాయి. ఒక మందు పడని రోగికి అదే కుటుంబంలోని ఇంకో మందు రాయబోతే ఆపేది ఆ జాబితాయే. ఒక్క మందు తప్పు కుటుంబంలో పడినా రోగి ప్రాణం మీదికి వస్తుంది.

“నాలుగు వారాలు కూర్చుని సరిచూశాను వదినా. రిపోర్టులో ఏముందో చూడు. తప్పులు సున్నా.”

“అందుకే పెట్టనంటున్నా. మళ్ళీ చూడు.”

బల్లకు అవతల కూర్చున్న డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. ఆయనకు రోగుల కన్నా గడువు మీద ప్రేమ కాస్త ఎక్కువ. “తప్పు లేకపోవడం కూడా తప్పేనామ్మా? ఇవాళ ఇది వెళ్ళకపోతే అబ్బాయి ఉద్యోగం పర్మనెంటు కాదు. ఆ తర్వాత ఇంట్లో మాటలు పడాల్సింది మీరే.”

ఆ మాట ఆమెకు గట్టిగానే తగిలింది. వాడి సంగతి కాస్త చూడమ్మా అని అత్తగారు పొద్దున ఒకటికి రెండుసార్లు చెప్పి పంపింది. ఇంటికెళ్ళి ఆవిడకేం చెప్పాలో తోచలేదు. అయినా కలం మూత తియ్యలేదు.

“ప్రతి వరుసా చదివావా?”

“చదివాను.”

“నీ కళ్ళతో?”

“నా కళ్ళతోనే. కావాలంటే అమ్మ మీద ఒట్టు.”

“ఒట్లెందుకు? కుదరలేదు, చదవలేదు అని ఒక్క మాట చెప్పు. ఇంకో వారం అడిగి, నీ పక్కన కూర్చుని నేనూ చూస్తాను.”

మరిది కాస్త తటపటాయించాడు. డైరెక్టరు తన వైపే చూస్తున్నాడు.

“చదివానని చెప్తున్నాగా. నోటికాడి కూడు లాగేస్తున్నావు వదినా. అంత అనుమానమైతే ఒక్క తప్పు చూపించు.”

ఆమెకు ఏడుపొచ్చింది. దాన్ని మింగేసి, మొదటి పేజీ తెరిచి అతని ముందుకు జరిపింది.

“ఇదిగో, నిద్రమందుల్లో మూడోది మంచినీళ్ళు. నీ చేతికిచ్చే ముందు నేనే చేర్చాను.”