టూరిస్టు పుణ్యవతి

“మూటతో లోపలికెల్లకూడదు,” అంటూ సాయిరాం లాఠీ అడ్డం పెట్టాడు.

లాఠీ పొట్టకు తగిలాకే పుణ్యవతి ఆగింది. నెత్తిమీది మూట మాత్రం దించలేదు.

“ఏటి? ఎందుకెల్లకూడదు?”

“ఇది మునిసిపాలిటీ కొత్త మేడ. ముందున్న ఈ చౌక్ చప్టా అంతా టూరిస్టుల కోసం కట్టేరు.”

“నానూ టూరిస్టునే. కొల్నార ఊర్నుంచొచ్చేను, మేడ సూడ్డానికి.”

సాయిరాంకి నవ్వొచ్చింది. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి సరిహద్దు దాటి ఈ ఒడియా ఊరికి వచ్చి కాపలా ఉద్యోగంలో చేరి వారమైనా కాలేదు. చెప్పుల్లేని టూరిస్టును చూడటం ఇదే మొదలు.

“టూరిస్టులు మూటలు తేరు మామ్మా.”

“ఇందాకటి కలకత్తా బాబులు ఈపులకేటి తగిలించుకెల్లేరు?”

“అవి బ్యాగులు.”

“ఆలది కుట్టిన గుడ్డ, నాది కట్టిన గుడ్డ. ఆలకి లేని అడ్డం నాకేటి?”

ఈలోగా ఆమె వెనకాల మరికొందరు ఆడవాళ్లు మూటలతో వచ్చి నిలబడ్డారు.

“ఈలెవరు?”

“నా తోటి టూరిస్టులు.”

సాయిరాం గేటు పక్క బోర్డు వైపు చూశాడు. ‘సందర్శకులకు స్వాగతం. రండి, చూడండి, కూర్చోండి’ అని ఒడియాలో, ఇంగ్లీషులో రాసి ఉంది. టూరిస్టుల్ని వెనక్కి పంపితే ఉద్యోగం ఊడుతుందని ఆఫీసరు ముందే హెచ్చరించాడు. పోనీలే అనుకుని మూటను లాఠీతో పొడిచి చూశాడు.

“పేలేవేం లేవు గదా?”

“లేవు. అన్నీ తినేవే.”

లాఠీ పక్కకి తప్పుకుంది. అందరూ లోపలికి నడిచారు.

రంగు ఎరగని సిమెంటు మేడ అది. స్తంభాల మీద పలకలాంటి కప్పు, గోడలన్నీ అద్దాలు. ముందంతా ఎండకు కాలుతున్న చప్టా. పుణ్యవతి నడుం మీద చెయ్యేసుకుని పైకీ కిందికీ చూసింది.

“సున్నం ఎయ్యడం మరిసిపోయేరేటి?”

“అదే డిజైను. బువనేశ్వర్ నుంచి పెద్ద ఇంజినీరొచ్చి గీసేడు.”

“మరి నీడేదీ?”

“సెట్లుంటే మేడ కనబడదంట.”

“ముందు ఇక్కడేటుండేదో తెలుసా బాబూ?”

“తెలీదు. నాను కొత్త.”

పుణ్యవతి నెత్తిమీది మూట సర్దుకుంది. తోటివాళ్లకు తల ఊపింది.

టూరిస్టులన్నాక మెడలెత్తి మేడ చూడాలి. వీళ్లు మెడలు వంచి నేల చూస్తున్నారు. ఒకరినొకరు అడక్కుండా, తగువు పడకుండా, చప్టా మీద తలో చోటికి వెళ్లి చతికిలబడ్డారు. మధ్యలో మనుషులు నడవడానికి దారులు కూడా వదిలారు. పుణ్యవతి సరిగ్గా నడిమధ్య ఎండలో కూర్చుని అరచేత్తో సిమెంటును నిమిరింది.

సాయిరాంకి జాలేసింది. “మెట్ల కాడ నీడుంది మామ్మా. అక్కడ కూకో.”

“అది మాతోటొచ్చిన ఆదెమ్మ సోటు. ఇదే నాది. మా అత్త కూకున్నంతకాలం కూకుంది, ఆవిడ పోయేక నాను కూకున్నాను. నిరుడు మమ్మల్ని లెగ్గొట్టీసేరు.”

“కూకుని ఏటి సేసేవోరు?”

పుణ్యవతి మూట విప్పింది. వంకాయలు, అల్లం, పచ్చిమిరపకాయలు చప్టా మీదికి దొర్లాయి. చుట్టూ మిగతా మూటలూ విచ్చుకున్నాయి. మేడను ఫోటో తీస్తున్న కలకత్తా బాబులు కెమెరాలు ఇటు తిప్పారు. సాయిరాం లాఠీ ఎత్తబోయి, కెమెరాలు చూసి దించేశాడు.

పుణ్యవతి బొడ్లోంచి కొంగు లాగి మొహం తుడుచుకుని, మూట అడుగు నుంచి తక్కెడ తీసి అతని ముందుకు చాచింది.

“ఇయ్యాల బుధవారం, సంత. బోణీ నువ్వే సెయ్యి బాబూ.”