లోపలి తలుపులు

నా మనవరాలు హరిణాక్షి ఏడేళ్లుగా పప్పన్నం ఎరగదు. తింటే కళ్లు తేలేసేది. పప్పులోని సారాన్ని కణాల్లోకి దాటించే తలుపులు దానికి పుట్టుకతోనే లేవు. నిన్న డాక్టర్లు వాటిని చుక్కల మందుగా వేశారు.

ఈ రోజుల్లో ఎవరి పేగులైనా, కణాలతో సహా, వంటింటి గోడ అద్దంలో కనబడతాయి. హరిణాక్షిని అద్దం ముందు కూర్చోబెట్టి మొదటి పప్పన్నం ముద్ద పెట్టాను. గంట గడిచినా గోడ మీద ఏ కదలికా లేదు. మందు పనిచెయ్యలేదేమో అనుకున్నాను.

"గోడక్కూడా ఓ ముద్ద పెట్టు నానమ్మా, ఆకలేస్తోందేమో!" అంది హరిణాక్షి.

అంతలో ఒక తలుపు బయటివైపు తెరుచుకుంది. ఒక రేణువును అందుకుని మూసుకుంది. ఆ తర్వాతే లోపలివైపు తెరుచుకుని దాన్ని వదిలింది. పక్కన ఇంకొకటి, ఆపైన వేలకు వేలు. ఇన్ని తలుపులు నాలోనూ పుట్టినప్పటి నుంచీ అడక్కుండానే తెరుచుకుంటున్నాయా! చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఛీ, ఎంగిలి చేత్తో దండమేంటి నానమ్మా! ఇంకో ముద్ద పెట్టు."