ముందు ఏ భాగం?

"ఈ రెండు దొంగ సినిమాల్లో, తర్వాత తీసిన వాడి చిన్నతనం భాగంతో మొదలుపెడదాం. కథ అక్కణ్ణుంచే కదా మొదలయ్యేది," అన్నాడు పిల్లల తండ్రి, రిమోట్ అందుకుంటూ.

విడాకులయ్యాక ఆదివారాలు మాత్రమే పిల్లల్ని చూడ్డానికి వస్తున్నాడతను. పిల్లల తల్లి అతని చేతిలోంచి రిమోట్ లాక్కుంది.

"అక్కర్లేదు. ముందు తీసిన సినిమానే ముందు చూపించు. వాడు పెళ్ళాన్ని ఎలా బాదాడో చూశాక, చిన్నప్పుడు ఎంత ఏడ్చాడో చూస్తార్లే."

"పసిపిల్లలే! వాణ్ణి అసహ్యించుకుంటారు."

"అసహ్యించుకోనీ. ముందే జాలిపడ్డారంటే, వాడు కొట్టే ప్రతి దెబ్బకీ వీళ్ళే ఏదో ఒక సాకు వెతుకుతారు. నేను వెతికినట్టు."



ఆమే మొదటి సినిమా పెట్టి వంటింట్లోకి నడిచింది. తెరమీద దొంగ భార్య మీద చెయ్యెత్తగానే, చిన్నకూతురు తండ్రి ఒళ్ళోకి జరిగింది.

"ఎందుకు కొడుతున్నాడు నాన్నా?"

వంటింట్లోంచి వస్తున్న ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాతి భాగంలో తెలుస్తుందిలే అని దాటేస్తాడనుకుంది.

"ఎందుకైనా సరే, తప్పే తల్లీ," అన్నాడతను.

కాపురం చేసినన్నాళ్ళూ ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసిందామె. ఇప్పుడు విన్నా కోపం చల్లారలేదు.

"వచ్చే ఆదివారం వాడి చిన్నతనం చూపించు," అంది పొడిగా.