సోడియం ఇచ్చిన ఎలక్ట్రాన్

ఉప్పుమడి గట్టున ఒక ముసలి పీత ఉండేది. ఎవరి తగవైనా తానే తీర్చాలని దాని తాపత్రయం. ఒకరోజు దానికి ఉప్పు పలుకులోంచి ఒక సోడియం పరమాణువు మాటలు వినిపించాయి.

"నా దగ్గర ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువుండేది, మామా. క్లోరిన్‌కి సరిగ్గా ఒకటి తక్కువైంది. ఇచ్చేశాను. అప్పట్నుంచీ ఇద్దరం అతుక్కుపోయాం."

"పిచ్చితల్లీ! వానొస్తే అది నీ ఎలక్ట్రాన్‌తో చెక్కేస్తుంది. ఇప్పుడే అడిగి తీసేసుకో," అంది పీత.

"తీసుకుంటే ఇక మమ్మల్ని కలిపి ఉంచేదేముంది?"

ఇంతలో వాన పడనే పడింది. ఉప్పు కరిగి సోడియం ఒకవైపు, క్లోరిన్ ఇంకోవైపు కొట్టుకుపోయాయి. "చెప్పానా!" అంటూ పీత నీళ్లలో అటూ ఇటూ పరుగెత్తింది గానీ, ఏ క్లోరిన్ ఎవరిదో దానికి తెలియలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

నాలుగు రోజుల ఎండకు మడి ఆరింది. కొత్త పలుకులో ఆ సోడియం మళ్లీ కనిపించింది. దాని చుట్టూ ఆరు క్లోరిన్లున్నాయి.

"వీటిలో నువ్విచ్చింది దేనికి?" అని పీత ఆత్రంగా అడిగింది.

సోడియం ఆరింటివంకా మార్చి మార్చి చూసింది.

"తెలియడం లేదు మామా. ఆరూ నన్ను ఒకేలా పట్టుకున్నాయి."