బోణీ సోడా

మొదటి గ్లాసు నురగ పొంగి బల్లంతా పారింది.

సంధ్యారాణి గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. అడుగున పసుపుపచ్చని పైనాపిల్ షర్బతు, దాని మీద మెల్లగా గ్లాసు అంచు వెంట సోడా, ఆపైన ఐస్‌క్రీం ముద్ద, ముద్ద నెత్తిన ఒక ఎర్రని చెర్రీ. దూరం నుంచి చూస్తే పేర్చిన బతుకమ్మలాగే ఉంది. పేరూ అదే పెట్టింది, బతుకమ్మ సోడా.

సూరత్, తెలంగాణ నేతవాళ్లుండే కోసాడ్ కాలనీ మైదానంలో సద్దుల బతుకమ్మ. తంగేడు దొరకని ఊరు కాబట్టి అన్నీ బంతిపూల బతుకమ్మలే.

"ఈ ఒక్క పండుగే," అని భర్త పరమేశ్వర్ ముందే చెప్పాడు. "సోడా నడిస్తే దుకాణం పెట్టుకో. నడవకపోతే దివాలీ సెలవులు అయిపోంగనే నాతోటి సాంచెలకు రావాలె."

సాంచెలంటే మరమగ్గాలు. ఆ మోతలోనే సంధ్యారాణి తండ్రి చెవులు పోయాయి. ఏమైనా సరే ఆ షెడ్డు గడప తొక్కనని ఆమె పంతం పట్టింది.

పంతం ఉంటే చాలదు, బోణీ కావాలి. చూసి పోయేవాళ్లే తప్ప కొనే నాథుడు లేడు.

అప్పుడే ఒక పెద్దామె ఆటో దిగింది. ఆకుపచ్చ నేత చీర, భుజాన సంచి, చేతిలో ఫ్లాస్కు. బల్ల ముందు ఆగి రంగురంగుల గ్లాసును వింతగా చూసింది.

"రా పెద్దమ్మ. సల్లగ ఒక గ్లాసు తాగు."

పెద్దామె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"సోడా పెద్దమ్మ, సోడా," సంధ్యారాణి గొంతు పెంచింది.

ఆమె తన గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

"ఏ ఊరు మీది? సాంచెల మీద ఎన్నేండ్లు చేసినవ్?"

పెద్దామె నుంచి నవ్వు మాత్రమే.

సంధ్యారాణికి విషయం అర్థమైంది. చెవులు పోయిన మనిషి, పాపం, నాన్నలాగే. గొంతు ఎండిందని చెబుతోంది.

షెడ్డు మోతలో మాట వినబడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. ఆ సైగలన్నీ సంధ్యారాణికి తండ్రి దగ్గర అబ్బినవే. ఖాళీ గల్లా డబ్బా మూత తీసి చూపించింది. పిడికిలి బిగించి, మెల్లగా అరచేయి విప్పింది. సాంచె ఆగిపోయిందని దానర్థం. తర్వాత పెద్దామె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మగ్గం పిడి నెట్టినట్టు ముందుకు నెట్టింది. నువ్వే నడిపించాలి అని బతిమాలింది.

పెద్దామె వరసగా బోర్లించిన గ్లాసుల్ని చూసింది. సంధ్యారాణి ముఖం చూసింది. ఒకసారి తన ఫ్లాస్కు వైపు కూడా చూసుకుంది.

తర్వాత గ్లాసు అందుకుంది.

"ఒక్క బుక్కతోని ఇడువకు పెద్దమ్మ. బోణీ గ్లాసు, అడుగు కనబడాలె," అంటూ సంధ్యారాణి తాగి చూపించినట్టు తల పైకెత్తింది.

పెద్దామె కళ్లు మూసుకుని అడుగు కనబడేదాకా తాగింది. కొంగుముడి విప్పి ఒక నోటు పెట్టింది. సంధ్యారాణి తల నిమిరి జనంలోకి వెళ్లిపోయింది.

ఏం చెయ్యో ఏమో, ఆ వెనకే జనం ఎగబడ్డారు.

మైకులో కాలనీ పెద్ద రాజలింగం బతిమాలుతున్నాడు. "జర ఓపిక పట్టుండ్రి అమ్మలార. ఈసారి డీజే లేదు. ఆ గర్బా దరువులు మనకు వద్దని మీరే అన్నరు. సిరిసిల్ల నుంచి పాటమ్మ ఐలమ్మను పిలిపించినం. అచ్చింది, జర ఆగి సురువు చేస్తది."

పాట ఎంత ఆలస్యమైతే సోడా అంత నడిచింది. ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని కూడా సంధ్యారాణి అనుకుంది.

ఐస్‌క్రీం డబ్బా అడుగంటింది. పరమేశ్వర్ చొక్కా చేతులు పైకి మడిచి గ్లాసులు కడుగుతున్నాడు.

"దుకాణానికి ఏం పేరు పెడుదాం మరి?" అన్నాడు, ఓడిపోయినా సంతోషంగానే.

"ఆ చెవిటి పెద్దమ్మ పేరు పెడుదాం. పేరు ఎరుకలేకపాయె. మంచి చెయ్యి."

ఇంతలో రాజలింగం చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏడినీళ్లు ఉన్నయా బిడ్డ?"

"ఎవలికి మామ?"

"పాటమ్మకు. పాట ఉన్ననాడు పొద్దటి సంది ఎవలతోటి మాట్లాడది, గొంతు దాసుకుంటది. సల్లటిది ముట్టది, ఫ్లాస్కుల ఏడినీళ్లే. గట్లాంటి మనిషికి ఇయ్యాల గొంతు పట్టేసింది. ఏం తాగినవమ్మ అంటే నవ్వుతది గని చెప్తలేదు."

సంధ్యారాణి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం పొందిన సంతోషమంతా ఒక్క క్షణంలో చేదైపోయింది.

తప్పు తనదని అందరి ముందూ చెప్పేయాలనుకుంది. బల్ల వదిలేసి, బతుకమ్మల మధ్య నుంచి, చప్పట్లకు చేతులెత్తి నిలబడ్డ ఆడవాళ్లను తోసుకుంటూ పరుగెత్తింది.

మైకు ముందు ఆకుపచ్చ నేత చీరలో నిలబడ్డ ఐలమ్మ, ఏ గొంతు కోసం కాలనీ అంతా డీజే మాన్పించి కాచుకుని ఉందో ఆ ఐలమ్మ, సంధ్యారాణిని చూసి అదే నవ్వు నవ్వి, పిడికిలి బిగించి మెల్లగా అరచేయి విప్పింది.