దుంగల బండి

వడగళ్లు ఆగి ఎండ కాసింది. రైలు పట్టాల పక్కన రాతిగోడ దగ్గర నిలబెట్టిన కెమెరా మీద కప్పిన ప్లాస్టిక్ సంచి తీసేశాడు ఇడ్వల్.

"ఈ ఎండ ఇంకాసేపు నిలిస్తే చాలు, దుంగల గూడ్సు బండి వచ్చేస్తుంది," అన్నాడు భార్యతో. "ఆ గట్టు మీద చెట్లు కొట్టేశాక మలుపు అవతల కూడా ఎంత బాగా కనిపిస్తోందో చూడు, నెస్టా."

"వేల్స్‌లో ఏప్రిల్ ఎండని నమ్ముకున్నావా? పైగా రైల్వే వాళ్ల చెట్లు దొంగతనంగా కొట్టి గొప్పలొకటి," అంది నెస్టా, ఫ్లాస్కు మూత తిప్పుతూ. అంతలోనే ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఆ కంచె పోయిన వారం నిటారుగానే ఉంది కదూ?"

ఇడ్వల్ కెమెరాలోంచి చూశాడు. కంచె గుంజలు పట్టాల వైపు ఒరిగి ఉన్నాయి. చూస్తుండగానే ఒకటి పడింది. దాని వెనకే నానిన గట్టు, అతను నరికిన మొదళ్లతో సహా, మలుపు అవతల పట్టాల మీదికి జారింది.

మలుపుకి ఇవతల బండి కనిపించింది.

నెస్టా గోడెక్కి రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుని అరిచింది.

డ్రైవర్ ఆమెను చూశాడు. ప్రతి శనివారం అదే గోడ మీద నిలబడి, అలాగే రెండు చేతులూ ఊపే మనిషి. అతను నవ్వుతూ చెయ్యి ఊపి, ఎప్పటిలాగే రెండుసార్లు హారన్ కొట్టి మలుపు తిరిగాడు.